వెట్టి ఆట

మా ఊరి భూపాల్ దొర మనవడికి మూడున్నరేళ్లు నిండినా ఒక్క మాట రాలేదు. అమ్మా అనడు, తాతా అనడు, అన్నం అనడు, నీళ్లు అనడు. కావాల్సినదానికి వేలు చూపిస్తాడు. ఇవ్వకపోతే నేల మీద పడి కాళ్లు తన్నుకుంటాడు. ఆ పిల్లాడికి మాటలు తెప్పించడానికి ఆ ఇంటివాళ్లు చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ఆ రోతలో సగం నాది. అది కూడా చెప్పేస్తాను. దాచుకుని నేను బాగుపడేదేమీ లేదు.

నా పేరు ద్వాళి. కురవి దగ్గర మా ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. మాది ఊరి పక్క తండా. పందొమ్మిదేళ్లుగా మూడేళ్ల పిల్లల ముక్కులు తుడుస్తున్నాను. "నువ్వేం చెప్తవ్ వాళ్లకు? అన్నం పెట్టి పండవెడ్తవ్, గంతే గదా" అని ఊళ్లో ప్రతి మగాడూ ఒక్కసారైనా అని ఉంటాడు. అన్నవాడిని తెచ్చి ఒక్క పూట నా సెంటర్లో కూర్చోబెట్టాలి. పద్దెనిమిది మంది పిల్లలు, ఒకే ఒక్క మూడు చక్రాల సైకిల్. గంటలో లబోదిబోమంటూ గోడ దూకి పారిపోతాడు.

ఆ సైకిల్‌కి మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ఎక్కినవాళ్లు వరండా చుట్టూ మూడు చుట్లు తిరగాలి, దిగాలి, వెనకవాళ్లకు ఇవ్వాలి. చుట్లు లెక్కపెట్టేది నేను కాదు, పిల్లలే. అందరూ కలిసి గొంతు చించుకుని "ఒకటీ... రెండూ..." అంటారు. ఇంకా నోరు తిరగనివాళ్లు కూడా వాళ్లతో కలిసి ఏదో ఒకటి అరుస్తారు. నేను అఆలు నేర్పేదానికన్నా ముందు వాళ్లు నేర్చుకునేది ఇదే. కావాలంటే లాక్కోవాలా, అడగాలా? కొడితే తిరిగి కొట్టాలా, టీచర్‌కి చెప్పాలా? కిందపడితే ఎంతసేపు ఏడవాలి? వీటన్నిటికీ మాటలు కావాలి. అందుకే మాటలు వస్తాయి. ఒంటరి పిల్లాడికి మాటతో పనేముంది?

దొర మనవడు వరుణ్ ఒంటరిగానే పెరిగాడు. దొర కొడుకు విక్రమ్‌కి చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. క్వార్టర్లో తలుపేసుకుని తల్లీ కొడుకూ ఇద్దరే. తల్లి స్పందనది జనగామ. డిగ్రీ చదివింది. వంట చేసుకోవాలంటే పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టేది. "తప్పు నాదే అక్కా" అని తర్వాత నాతోనే చెప్పుకుంది. వరంగల్‌లో పిల్లల డాక్టర్‌కి చూపిస్తే చెవులు బాగున్నాయి, మెదడు బాగుంది, ఫోన్ మానిపించి తన ఈడు పిల్లల్లో వదలండి అన్నాడట. అందుకే శివరాత్రి దాటాక పిల్లాడిని తీసుకుని అత్తగారింటికి వచ్చింది.

అత్తగారు సత్తెమ్మ దొరసానికి డాక్టర్ మాట చెవికెక్కలేదు. వసకొమ్ము అరగదీసి పిల్లాడి నాలుకకు రాసింది. వాడు కక్కుకున్నాడు. మళ్లీ రాసింది. కురవి వీరభద్రస్వామికి మొక్కింది. కాళేశ్వరం తీసుకుపోయి గోదావరిలో మూడు మునకలు వేయించింది. ఇన్ని ఊళ్లు తిప్పింది కానీ, తమ బంగ్లాకి నూరు అడుగుల దూరంలో ఉన్న నా సెంటర్ గడప మాత్రం తొక్కనివ్వలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అట్లా.

దీనికి తోడు ఇంకో గోల. ఏప్రిల్ చివర్లో మానుకోటలోని ఒక పెద్ద ప్రైవేటు బడిలో ఎల్‌కేజీకి ఇంటర్వ్యూ. అవును, ఇంటర్వ్యూనే. చెడ్డీ తడుపుకునే పిల్లలకు టై కట్టి కుర్చీలో కూర్చోబెట్టి "నీ పేరేంటి, ఇదేం రంగు" అని అడుగుతారట. చెప్పకపోతే సీటు లేదట. దొరింటి పిల్లాడికి సీటు రాకపోతే నలుగురిలో పరువేం కావాలి? ఆ ఇంట్లో అందరి బెంగా అదే. స్పందన బెంగ మాత్రం వేరు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె పిల్లాడిని చంకన వేసుకుని మా సెంటర్ గుమ్మంలో నిలబడింది.

"అక్కా, వీణ్ని జరసేపు ఇక్కడ కూసోబెట్టుకుంటరా?" అంది.

"రా చిన్న దొరసానీ" అన్నాను.

"అట్ల పిలవకండ్రి. నాకు గా సీటు అక్కరలేదక్కా. వాడు నన్ను ఒక్కసారి అమ్మా అంటే చాలు. మూడున్నరేండ్ల నుంచి చూస్తున్న. రాత్రి జ్వరమొచ్చి మూల్గినా అమ్మా అనడు. నేను ఎవరినో వానికి తెలుసో లేదో అనిపిస్తది" అంది. కళ్లలో నీళ్లు లేవు. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది.

వరుణ్‌ని చాప మీద దింపింది. మా తండా పిల్లాడు భోజ్యా, సగం తిన్న గుడ్డు చేతిలో పట్టుకుని వచ్చి వాడి ముఖంలోకి తొంగి చూశాడు. గుడ్డు వాసన చూపించి, వాడు చెయ్యి చాచగానే చటుక్కున తన నోట్లో వేసుకున్నాడు. వరుణ్ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత కిలకిలమని నవ్వాడు. "అక్కా, నవ్విండు" అంది స్పందన నా చెయ్యి పట్టుకుని. అంతలోనే గుమ్మంలోంచి సత్తెమ్మ దొరసాని గొంతు వినిపించింది.

"ఏందే స్పందనా, నీకేమన్న బుద్ధున్నదా? దొరింటి పిల్లగాణ్ని తెచ్చి గీ చీమిడి ముక్కుల నడుమ కూసోవెడ్తవా? రోగాలు రావా?" అని, నా వైపు తిరిగి, "ఏమే ద్వాళీ, పిల్లగాడొస్తే ఇంటికి తోలియ్యాలని సోయి లేదా నీకు?" అంది.

దొరల ముక్కుల్లోంచి పన్నీరు కారుతుందా దొరసానీ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నా సెంటర్ నడిచే గది భూపాల్ దొరది. ఆమె పిల్లాడి రెక్క పట్టుకుని లేపి, కొంగుతో వాడి చేతులు తుడిచి, ఆ కొంగును దూరంగా పట్టుకుని నడిచి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు భూపాల్ దొర కబురు పెట్టాడు. వెళ్లాను. "రా ద్వాళీ, కూసో" అన్నాడు. అక్కడున్న ఒక్క కుర్చీ ఆయన కిందే ఉంది. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"డాక్టరు పిల్లలల్ల ఆడియ్యమన్నడట. మంచి మాటే చెప్పిండు" అన్నాడు. "గని మా పిల్లగాడు నీ దిక్కు ఎందుకు రావాలె? పోరగాండ్లనే గిటు తోలు. దినాం ఇద్దరు. తానం చేయించి మంచిగ తోలుండ్రి, పది నుంచి పన్నెండు దాన్క. ఊరోళ్లు, తండోళ్లు వంతులేసుకోండ్రి. ఒక్క ఇంటి మీదనే పడొద్దు, ఎవలకు కష్టం గావొద్దు."

ఎవరికీ కష్టం కావొద్దు అన్నప్పుడు ఆయన ముఖంలో నిజంగానే దయ కనిపించింది. నాకు ఎక్కువ రోత పుట్టింది దానికే. మనిషి చెడ్డవాడైతే తిట్టుకుని పోవచ్చు. ఈయన మంచిపని చేస్తున్నాననే అనుకుంటున్నాడు.

"దొరా, పిల్లలను తెప్పిస్తే మాట రాదు. వాడే వాళ్లల్ల కలవాలె" అన్నాను.

"ఆటకేందే, ఏడ ఆడితేంది? కాళేశ్వరం నీళ్లనే పొలాల దాన్క దెచ్చుకున్నం, ఇద్దరు పోరగాండ్లను గడప దాన్క దెచ్చుకోలేమా?" అని నవ్వాడు. తన మాటకు తానే ముచ్చటపడ్డాడు.

నేను అక్కడే కాదనాలి. అనలేదు. గది పోతుందన్న భయం ఒకటి. రెండోది ఇంకా సిగ్గుచేటు. ఆట ఆటే కదా, రెండు వారాల్లో పిల్లాడు కాస్త కలిస్తే స్పందనే సెంటర్‌కి తెచ్చుకుంటుంది అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. పందొమ్మిదేళ్లు పిల్లలతో ఉండి కూడా ఆ పూట గాడిదలా తలూపి వచ్చాను.

ఇళ్లవాళ్లను అడిగితే ఒక్కరూ వద్దనలేదు. సగం మంది ఆయన పొలమే కౌలుకు చేస్తున్నారు. సాంబయ్యతాత, అతని భార్య పెంటమ్మ తమ మనవరాలు శృతిని పెంచుతున్నారు. ఆ పిల్లకు నాలుగేళ్లు. సెంటర్‌లో దాని నోటికి ఎవరూ ఆగరు, వట్టి వసపిట్ట. మూడు చుట్లు పూర్తికాకుండా దాన్ని సైకిల్ దింపాలంటే నా వల్ల కూడా కాదు.

సాంబయ్యతాత నా మాట విని పకపకా నవ్వాడు. "మా నాయిన గీ దొర తాత కచ్చరం బండి ముందట ఉరికెటోడు బిడ్డా. అదీ వంతు మీదనే. దొర మానుకోట టేషన్‌కు పోతే ఎడ్లకన్న ముందట ఉరుకుడే. దాన్ని వెట్టి అంటుండ్రి. మా మనవరాలికి ఉరుకుడు లేదాయె, ఆడుడే. మస్తు నయం గాదా?"

"నవ్వుతవేందయ్యా? సిగ్గు లేదా?" అంది పెంటమ్మ. కానీ మర్నాడు శృతికి తలంటి పోసి, ఉన్నవాటిలో మంచి గౌను వేసి ఆమే పంపింది.

మొదటిరోజు శృతిని, భోజ్యాని నేనే బంగ్లాకి తీసుకుపోయాను. గేటు దగ్గరే ఆపారు. పనిమనిషి కాళి బకెట్లో డెటాల్ నీళ్లు పెట్టుకుని కూర్చుంది. ఇద్దరి చేత కాళ్లూ చేతులూ కడిగించింది. సత్తెమ్మ దొరసాని అంతటితో ఊరుకోక గోళ్లు చూసింది, చెవుల వెనక చూసింది. సంతలో గొర్రెపిల్లను చూసినట్టు చూసింది. ఛీ అనిపించింది. వాళ్లు నీళ్లు తాగడానికి రెండు స్టీలు గ్లాసులు పిట్టగోడ మీద విడిగా బోర్లించి ఉన్నాయి.

వరండాలో వరుణ్‌కి బ్యాటరీ కారు ఉంది. ఎర్రది, తలుపులు తెరుచుకునేది. బ్యాటరీ ఎప్పుడో పాడైంది. కాబట్టి కారులో వరుణ్ కూర్చోవాలి, వెనక నుంచి వీళ్లు తొయ్యాలి. అదీ ఆట. దొరసాని కుర్చీ వేసుకుని మధ్యలో కూర్చుంది.

"ఏయ్ పోరీ, నూకు. ఏయ్, మెల్లగ. ఏయ్ పిలగా, కారు మీద చెయ్యెయ్యకు, గీతలు వడ్తయ్. ఎనుకకెల్లి నూకు."

శృతి రెండు నిమిషాలు తోసి, "ఇగ నేనెక్కుత" అంది.

"నువ్వెక్కుడేందే? నీ అయ్య కొన్నడా?" అంది దొరసాని.

బంతి ఆట మొదలుపెట్టారు. శృతి బంతి పట్టుకుంటే, "బాబుకియ్యి" అంది. భోజ్యా పరుగులో ముందు పోతే, "బాబు ఎనుకవడ్డడు, కనవడ్తలేదా? ఆగు" అంది. ఓడిపోవడం కూడా నేర్పించి ఓడించింది. పన్నెండు కొట్టగానే కాళి గేటు దగ్గర ఇద్దరి దోసిళ్లలో రెండేసి బిస్కెట్లు పైనుంచి వదిలింది, చెయ్యి తగలకుండా. స్పందన కిటికీ చువ్వలు పట్టుకుని లోపలి నుంచి చూస్తూ ఉంది. ఆమె ముఖం చూడలేక నేను పిల్లల్ని తీసుకుని వచ్చేశాను.

ఇట్లా పదహారు రోజులు నడిచింది. పిల్లలు మారుతున్నారు, ఆట అదే. దొరసానికి శృతి నచ్చింది. బలమైన పిల్ల, కారు బాగా తోస్తుందని. అందుకని వంతు తప్పించి మరీ దాన్ని పిలిపించేది. వరుణ్ కారులో కూర్చుని చూసేవాడు. వాడు తోటిపిల్లల్ని చూడటం లేదని నాలుగో రోజు వెంట వెళ్లినప్పుడే నాకు తెలిసింది. వాడి చూపంతా నాయనమ్మ నోటి మీదే. ఆమె ఏమంటే ఎవరు ఎట్లా కదులుతున్నారో చూస్తున్నాడు. పిల్లలు అట్లాగే నేర్చుకుంటారు. వాళ్ల ముందు ఏది పెడితే అది నేర్చుకుంటారు, మనం నేర్పాలనుకున్నది కాదు.

ఇటు సెంటర్‌లో శృతి మారిపోయింది. ఒకరోజు బొమ్మ ఏనుగుతో ఆడుకుంటుంటే పక్కనుంచి ఇంకో పిల్ల ఊరికే అటు చూసింది. శృతి ఏనుగును ఆమె ఒళ్లో పెట్టి, చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది. "ఎందుకిచ్చినవ్?" అంటే భుజాలు ఎగరేసింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. థూ నీ బతుకు అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక పిల్లాడికి నోరు తెప్పించడానికి ఇంకో పిల్ల నోరు మూయించి వచ్చాను. ఇంతకన్నా నీచమైన పని ఏ టీచరైనా చేస్తుందా?

పదిహేడో రోజు కూడా శృతి, భోజ్యాల వంతే. నేను వెంట వెళ్లాను. ఇక పంపేది లేదని చెప్పి రావాలని దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాను. వరండాలోకి వెళ్లేసరికి కారు ఆగి ఉంది. శృతి అలసిపోయి చక్రం పక్కన చతికిలబడింది. స్పందన లోపలి నుంచి పిల్లాడికి పాల గ్లాసు తెస్తోంది. వరుణ్ కారులోంచే తల తిప్పి తల్లిని చూశాడు.

"ఏయ్" అన్నాడు. స్పష్టంగా, గట్టిగా. "ఏయ్, నీళ్లు తే."

మూడున్నరేళ్లకు వచ్చిన మొదటి మాట అది. స్పందన పాల గ్లాసుతో అక్కడే ఆగిపోయింది.

సత్తెమ్మ దొరసాని ఎగిరి గంతేసినంత పని చేసింది. "మాట్లాడిండు! అయ్యో నా బంగారమా, మాట్లాడిండు! అచ్చం తాత లెక్క! ఏమయ్యా, ఇన్నవా? గొంతు సూడు, నీ గొంతే!" అని కేకలు పెట్టింది. దొర పరుగున వచ్చాడు. "ఏది బిడ్డా, మల్లొక్కసారి అను" అన్నాడు. వాడు శృతి వైపు వేలు పెట్టి, "ఏయ్, లే. నూకు" అన్నాడు. శృతి లేచి నిలబడింది. మాట కూడా వచ్చింది, ఆ మాటకు మనిషి కూడా లేచింది! ఇంకేం కావాలి? దొర చెల్పూర్‌కి వీడియో కాల్ చేశాడు. కొడుక్కి పిల్లాడిని చూపించి మళ్లీ అనిపించాడు. ఫోన్‌లోంచి విక్రమ్ కూడా చప్పట్లు కొట్టాడు. కురవి నుంచి మిఠాయి తెమ్మని మనిషిని పరిగెత్తించారు.

ఇంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పిల్లాడు ఎవర్ని ఏయ్ అన్నాడని అడగలేదు.

నేను స్పందన వైపు చూశాను. ఆమె పాల గ్లాసు పిట్టగోడ మీద పెట్టేసింది. "నీళ్లు తే అంటుండు, తేవేందే? పిల్లగాడు అడుగుతుండు గదా" అంది అత్త. స్పందన తేలేదు. అక్కడే నిలబడి కొడుకును చూస్తూ ఉంది. ఆ చూపు నేనెప్పుడూ మరచిపోను. చచ్చిన మనిషిని కూడా అంత పరాయిగా చూడరు.

మిఠాయి వచ్చాక నేను దొర ముందుకు వెళ్లాను. "దొరా, రేపటిసంది పిల్లలను తోలను" అన్నాను. గది పోతే పోయింది, చెట్టు కిందైనా నడుపుకుంటా అని మిగతా మాట కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఇగ ఎందుకే? అక్కర దీరిపాయె గదా. నేనే చెప్దామనుకుంటున్న" అన్నాడు దొర, మిఠాయి డబ్బా నా ముందు చాచి. "తీస్కో. నీ కష్టం కూడా ఉన్నది ఇండ్ల."

నా కష్టం కూడా ఉందట! పదిహేడు రోజులకు నేను కూడగట్టుకున్న ధైర్యం అట్లా లడ్డూ పాలైంది. ఆ లడ్డూని గేటు బయట కుక్కకు వేసి వచ్చాను.

మర్నాడు పదింటికి స్పందన వచ్చింది. పిల్లాడిని ఎత్తుకోలేదు, వేలు పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. వెనక ఎవరూ లేరు. "అత్తమ్మ పూజల ఉన్నది" అంది. ఆమె చాప మీద ఒక మూల కూర్చుంది.

వరుణ్ అందరినీ ఒకసారి చూశాడు. వరండాలో శృతి సైకిల్ మీద ఉంది. ఒక చుట్టు అయింది. పిల్లలు "ఒకటీ" అని అరిచారు. వరుణ్ తిన్నగా వెళ్లి సైకిల్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏయ్. దిగు" అన్నాడు.

శృతి దిగింది.

"ఇంక రెండున్నయ్! ఇంక రెండున్నయ్!" అని భోజ్యా గోల పెట్టాడు. మిగతావాళ్లు కూడా అందుకున్నారు. శృతి మాత్రం గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది. స్పందన లేచి వచ్చి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఎందుకు దిగినవ్ బిడ్డా?"

"దొరసాని కొడ్తది" అంది శృతి.

"ఇక్కడ దొరసాని లేదు. నీ రెండు చుట్లు అయ్యేదాక దిగకు."

ఆ పిల్ల నమ్మలేదు. నా వైపు చూసింది. నన్ను ఎందుకు నమ్మాలి? ఆ బంగ్లాకి పంపింది నేనే కదా. అయినా నా నోటి నుంచి మాట కావాలన్నట్టు చూసింది. "ఎక్కు శృతీ. నీదే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

శృతి వెళ్లి హ్యాండిల్ పట్టుకుంది. వరుణ్ సీటు మీద ఉన్నాడు. "దిగు. నావి రెండున్నయ్" అంది. వాడు "ఏయ్" అన్నాడు. "నువ్వే ఏయ్" అంది శృతి. వాడు గట్టిగా లాగాడు. అది ఇంకా గట్టిగా లాగింది. రోజుల తరబడి కారు తోసిన చేతులవి. వాడు పక్కకు పడి గచ్చుకు గడ్డం కొట్టుకున్నాడు.

పడ్డవాడు వెంటనే ఏడవలేదు. తలెత్తి చుట్టూ చూశాడు. ఎవరో ఒకరు వచ్చి శృతిని కొడతారని, లాగి పడేస్తారని చూశాడు. ఎవరూ రాలేదు. శృతి సైకిల్ ఎక్కి వెళ్లిపోతోంది. పిల్లలు "రెండూ" అని అరుస్తున్నారు. వాడి కింది పెదవి వణికింది. చేత్తో గడ్డం తడుముకుంటే రక్తం తగిలింది. అప్పుడు తల్లి వైపు తిరిగాడు. నోరంతా తెరిచి, ముఖమంతా ఎర్రబడి, ఊరికి వినబడేట్టు ఏడ్చాడు.

"అమ్మా!"

స్పందన వాడిని ఎట్లా ఎత్తుకుందో, వాడి గడ్డం మీద రక్తం, తన కళ్లలో నీళ్లు ఎట్లా కలిసిపోయాయో నేను చెప్పలేను. "ఆఁ నాయినా, అమ్మనే. ఇక్కడే ఉన్న" అని ఒకటే మాట. వాడు వెక్కుతూ మళ్లీ అన్నాడు. మళ్లీ మళ్లీ అన్నాడు. ఇంతలో మూడో చుట్టు అయింది. శృతి సైకిల్‌ని తోసుకుంటూ వచ్చి వాళ్ల ముందు నిలబెట్టింది. "ఇగో, ఇగ నువ్వెక్కు" అంది వాడితో.

ఎవరు మోశారో కబురు, సత్తెమ్మ దొరసాని చెప్పుల్లేకుండా వచ్చింది. మనవడి గడ్డం చూసి గుండెలు బాదుకుంది.

"ఎవతె నూకింది? ఏ లం... ఏమే ద్వాళీ, ఎవతె నూకిందే నా పిల్లగాణ్ని? దాని చెయ్యి ఇరుస్త. నీ ఉద్యోగం ఊడవీకిపిస్త!"

"అత్తమ్మా, వాడు నన్ను అమ్మా అన్నడు" అంది స్పందన.

"అంటే?" అంది దొరసాని. "గీ పోరగాండ్ల ముందట కిందవడి ఏడ్సుకుంట అన్నడు. గదొక అనుడా? నిన్న మా ఇంట్ల ఎట్ల మాట్లాడిండు, పులి లెక్క! నువ్వు ఒక్కపూటల పిల్లి లెక్క చేసినవ్."

ఆ మాటకు నాకు కోపం కూడా రాలేదు. వట్టి అసహ్యం. ముసలిదైపోయిన మనిషి, ముగ్గురిని కన్నది, పిల్లాడు తల్లిని పిలిస్తే దానికి పరువు తక్కువైందని బాధపడుతోంది. వీళ్లకు మందేముంది?

ఆమె స్పందన చంకలోంచి పిల్లాడిని లాక్కుంది. వాడు రెండు చేతులూ తల్లి వైపు చాచి మళ్లీ "అమ్మా" అన్నాడు. స్పందన ముందుకు వచ్చింది. అత్త చేతుల్లోంచి కొడుకును తిరిగి తీసుకుంది. లాక్కోలేదు. నెమ్మదిగా, ఒక్కో వేలు విడిపించి తీసుకుంది.

"ఇంటికి నడువు. నీ మామతోని చెప్త నీ సంగతి" అంది దొరసాని.

"అన్నం తిన్నంక వస్తం అత్తమ్మా. రేపు కూడ ఇక్కడికే తీసుకొస్త."

"ఏడ తినేది? ఈడనా?" దొరసాని ఎదురుగా వరసగా కూర్చున్న పిల్లల్ని, వాళ్ల ముందున్న పళ్లేలను చూసి ముక్కు మూసుకుని గుమ్మం బయటకు నడిచింది. అక్కడే నిలబడింది, పోలేదు.

ఆయా లచ్చి గరిట పట్టుకుని నా వైపు చూసింది. "దొరింటి పిల్లగానికి కూడ ఎయ్యాల్నా టీచర్?" అని గుసగుసగా అడిగింది. "ఎయ్యి. అందరి నడుమనే ఎయ్యి" అన్నాను.

వరుణ్‌ని శృతికీ భోజ్యాకీ మధ్య కూర్చోబెట్టాం. పప్పన్నం, గుడ్డు వేసింది లచ్చి. మిగతా పిల్లలు అప్పటికే మూతులకు పూసుకుంటున్నారు. వాడు మాత్రం పళ్లెం ముట్టలేదు. కళ్లు మూసుకుని, నోరు తెరిచి, ఎవరైనా పెడతారని అట్లాగే కూర్చున్నాడు. స్పందన చెయ్యి పళ్లెం దాకా వెళ్లి ఆగిపోయింది.

శృతి నములుతూ నములుతూ వాడి తెరిచిన నోట్లోకి చూసింది. దాని ముఖంలో ఎంత రోత ఉందో, నా పందొమ్మిదేళ్లలో నేను కూడా అంత చూపించి ఉండను.

"ఏంది, నీకు చేతుల్లేవా?" అంది.

వాడు కళ్లు తెరిచాడు.